గుణసుందరి మీద వేసిన నింద

మొన్న గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, సినిమాల ముచ్చట ఎత్తితే ఆగని ఒక అన్న మూడు మాటలు వరసబెట్టి అనేశాడు. మూకీల కాలంలో దేవుళ్ళ కథలే గానీ ఆలుమగల కథలు లేవట. ‘గుణసుందరి’ అని ఒక్కటంటే ఒక్కటి వస్తే, దాన్నే మనోళ్ళు ‘గుణసుందరి కథ’గా తిరగతీశారట. ఇక ఆ మూకీలోని నీతి: “మొగడు దారి తప్పిండంటే తప్పు పెండ్లాందే.” చుట్టూ నలుగురు తలలూపారు. నేనూ గ్లాసు అక్కడ పెట్టి లేచొచ్చాను. అక్కడే అడగాల్సింది.

మొదటి మాట నిలవదు. మన హైదరాబాద్‌లోనే 1920ల మొదట్లో ధీరేన్ గంగూలీ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి ‘మ్యారేజ్ టానిక్’ తీశాడు. పేరులోనే పెళ్ళి ఉంది. 1927లో అమెరికాలో ముర్నావ్ తీసిన ‘సన్‌రైజ్’లో, పట్నం మనిషి మోజులో పడ్డ రైతు కట్టుకున్నదాన్ని నీళ్ళలో ముంచేద్దామని పడవెక్కిస్తాడు. అదీ మూకీల కాలం సినిమానే, అదీ ఆలుమగల కథే.

రెండోది మరీ అన్యాయం. కె.వి. రెడ్డి 1949లో తీసిన ‘గుణసుందరి కథ’కు మూలం షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’. రాజు, ముగ్గురు కూతుళ్ళు, చిన్నకూతురి మీద అలక. బొంబాయి ‘గుణసుందరి’తో దానికి పేరు తప్ప చుట్టరికం లేదు.

ఇక మూడోది. చందూలాల్ షా 1927లో గోహర్‌తో తీసిన ఆ మూకీకి ‘భర్తలెందుకు పెడదారి పడతారు’ అన్న అర్థంలో ఇంగ్లీషు పేరు కూడా ఉంది. అన్న ఆ పేరు దగ్గరే ఆగిపోయాడు. కథలో ఇల్లాలు పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీలో మునిగి ఉంటుంది. ఆఫీసు చికాకులు మోసుకొచ్చిన మొగుడికి కబుర్లు కావాలి, ఆమెకు ఓపిక ఉండదు. అతను నాట్యకత్తె దగ్గరికి పోతాడు. అప్పుడామె ఏడుస్తూ కూర్చోదు. తానూ ముస్తాబై గడప దాటుతుంది. భార్య మారాలన్న ఉపదేశం ఆ సినిమాలో లేదని నేననను, ఉంది. కానీ ఆమె అలిసిపోయిందని కూడా అదే సినిమా చెప్పింది. అన్నకు ఆ సగం కనపడలేదు.

కనపడాల్సింది మాత్రం మన ఊళ్ళోనే. బొగ్గు బాయిలో నాన్నది ఫస్ట్ షిఫ్టయితే అమ్మ నాలుగింటికే లేచి బొగ్గు పొయ్యి రాజేసేది. నైట్ షిఫ్ట్ వారమైతే పగలు కిటికీకి దుప్పటి కట్టి, గిన్నె చప్పుడు కాకుండా వండేది. మేం దగ్గినా కళ్ళెర్రజేసేది. బాయి బట్టలు నాలుగు నీళ్ళు మార్చినా ఆఖరి బకెట్లో ఇంకా నలుపు దిగేది. నాన్నకు హాజరు మస్టర్ ఉంది, వారానికో ప్లేడే సెలవు ఉంది. అమ్మ డ్యూటీ దిగే టైముకు ఏ సైరనూ మోగలేదు. నాన్న ఏ దారీ తప్పలేదు. అయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం నేను చూసింది తక్కువ. అందులో ఎవరి తప్పు ఎంతో ఆ అన్నే లెక్కగట్టి చెప్పాలి.

నాన్న రిటైరైన నెలలో ఒక సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కుర్చీలేసుకున్నారు. చాలాసేపు మాటల్లేవు. చివరికి అమ్మే అడిగింది, “రేపు ఏ షిఫ్టు?” అని.