ఈత వస్తే చాలదు



మన సోమశిల రేవులో ఒక మాట తరచుగా వినబడుతుంది: "మనకు ఈత వస్తది గదా, ఏం గాదు." ఈ మాట తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పడానికి మిమ్మల్ని కొంచెం దూరం, అంటార్కిటికా దాకా తీసుకుపోతాను.

మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. జువాలజీ పీజీలో చేరాకే తెలిసింది, అక్కడి మంచు కింద మునిగి పరిశోధన చేసేవారున్నారని. రక్తంలో ఎర్రదనమే లేని చేపలు ఆ నీళ్లలో ఉంటాయి. అడుగున జీవులు ఎలా బతుకుతున్నాయో చెదరగొట్టకుండా చూడాలంటే వల వేస్తే కుదరదు, మనిషి దిగాలి. ఉప్పునీరు కనుక సున్నాకు 1.8 డిగ్రీలు దిగువకు వచ్చేదాకా ఆ సముద్రం గడ్డకట్టదు.

దిగేవారు ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారు. అయినా వారి ఈతను నమ్ముకుని ఎవరూ దించరు. మంచుకు రంధ్రం చేసి, దిగే మనిషికి తాడు కడతారు. తాడు ఒకసారి లాగితే ఏమిటి, రెండుసార్లు లాగితే ఏమిటి అని ముందే మాట్లాడుకుంటారు. ఇంకో డైవర్ పూర్తిగా తయారై రంధ్రం పక్కనే కూర్చుంటాడు. ఏమీ జరగకపోతే అతని పని అదే, కూర్చోవడం! గాలి అందించే రెగ్యులేటర్ చలికి గడ్డకట్టి సిలిండర్‌లోని గాలినంతా వదిలేయవచ్చు, కనుక విడిగా రెండోది ఉండాలి. లోతు నుంచి గబగబా పైకొస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కడుతుంది. దాని చికిత్సకు ప్రత్యేకమైన పీడన గది కావాలి. అది దగ్గర్లో లేకపోతే లోతునూ, సమయాన్నీ ముందే తగ్గించుకుంటారు. అంటే వైద్యం ఎంత దూరమో చూసుకున్నాకే ఎంత లోతో నిర్ణయిస్తారు.

ఇంత చేసినా ప్రమాదం రాదని కాదు. 2003 జూలై 22న బ్రిటన్ వారి రొథేరా కేంద్రం దగ్గర కిర్స్టీ బ్రౌన్ అనే 28 ఏళ్ల శాస్త్రవేత్తను లెపర్డ్ సీల్ లోతుకు లాక్కుపోయి చంపింది. ఆమెకు నీళ్లలో తోడున్నారు, ఒడ్డున కాపలా ఉన్నారు. రాత బాగాలేదని అక్కడితో వదిలేయలేదు. దిగేముందు సీల్ ఉందేమో చూడడం, కనబడితే పని మానుకోవడం నియమాల్లో చేరాయి.

మరి మన దగ్గర? 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. పడవ బోల్తా పడి ఒకరినొకరు పట్టుకుని లాగేసుకునే చోట ఈత ఏపాటి అక్కరకొస్తుంది? పడవకు ఎంతమంది అన్న లెక్క, మనిషికో లైఫ్ జాకెట్, ఒడ్డున సిద్ధంగా ఇంకో పడవ - ఇవి అంటార్కిటికా ఖర్చులు కావు కదా. పుట్టి మీద చేపలకు పోయే మా పెద్దనాయన మాత్రం "అది తొడుక్కుంటె వల ఎట్ల ఇసరాలెరా?" అంటాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. వల విసరడానికి వీలైన జాకెట్ ఇవ్వకుండా ఆయన్ని మూర్ఖుడనడం సరికాదు.

ఆ డైవర్ల పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. జట్టులో ఎంత చిన్నవాడైనా "ఈరోజు నేను దిగను" అనవచ్చు. కారణం చెప్పమని నిలదీయరు, పిరికివాడని ముద్ర వేయరు. మనకు పెద్దల ముందు "వద్దు సార్" అనే అలవాటు లేదు. పేదింటి నుంచి వచ్చాం, కాదంటే ఉన్న అవకాశం పోతుందని లోపల భయం. ఆ భయమే ప్రమాదకరం.

ఈ దారి మనది కాదనుకోకండి. అంటార్కిటికాలో మన దేశానికి 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి కేంద్రాలున్నాయి. ఆర్కిటిక్‌లో 2008లో హిమాద్రి వచ్చింది. ఆ పరిశోధనలు నడిపే సంస్థ గోవాలో ఉంది. సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. సైన్స్ గ్రూపు తీసుకునేవారు ఈ పేర్లు నోటుబుక్కులో రాసుకోండి.

ఈసారి హాస్టల్ నుంచి సోమశిలకు పోతే, పడవ ఎక్కేముందు జాకెట్లు లెక్కపెట్టండి. ఒకటి తక్కువుందని ఐదో తరగతి పిల్లవాడు చెప్పినా సరే, పడవ కదలనివ్వకండి.

- పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ జువాలజీ