రెజ్యూమెనా.. 9999 ఇన్ 1 క్యాసెట్టా?

తొంభైల్లో పెరిగిన అన్నయ్యనో అక్కనో అడిగి చూడండి. టీవీకి తగిలించే వీడియోగేమ్, దాని పసుపురంగు క్యాసెట్ గురించి కథలు కథలుగా చెబుతారు. క్యాసెట్ మీద పెద్ద అక్షరాలతో '9999 ఇన్ 1' అని ఉండేది. ఆశగా పెట్టి చూస్తే అసలు గేమ్‌లు పట్టుమని పది ఉండేవి కావు. మారియో, కాంట్రా, డక్‌హంట్, రోడ్‌ఫైటర్.. కిందికి వెళ్తే మళ్లీ మారియో, మళ్లీ కాంట్రా. నంబర్లే వేరు, సరుకు ఒక్కటే.

ఈమధ్య ఫ్రెషర్ల రెజ్యూమెలు చూస్తుంటే నాకు ఆ క్యాసెట్టే గుర్తొస్తోంది.

నేను ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. ఏడాదికి రెండు మూడుసార్లు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటాను. మొన్న ఒకబ్బాయి రెజ్యూమెలో పద్నాలుగు స్కిల్స్, ఆరు సర్టిఫికెట్లు ఉన్నాయి. సులభంగా మొదలుపెడదామని అడిగాను: "8 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో 255 ఉంది. ఒకటి కలిపితే ఎంత?" తడుముకోకుండా "256 సర్" అన్నాడు.

జవాబు సున్నా. ఒక్క బైట్‌లో 255కు మించి పట్టదు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ గేమ్ 256వ లెవెల్‌కు చేరితే కుడివైపు సగం స్క్రీన్ చెత్తచెత్తగా మారిపోతుంది. కారణం ఇదే. లెవెల్ నంబర్‌ను ఒక్క బైట్‌లో దాచారు. అడుగున పండ్ల బొమ్మలు గీసే కోడ్ దానికి ఒకటి కలపగానే సున్నా అయిపోతుంది. ఆగాల్సిన చోట ఆగక 256 పండ్లు గీయబోయి స్క్రీన్‌ను పాడుచేస్తుంది. ఆ గేమ్ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూసినవాళ్లు ఈ జవాబు జన్మలో మరచిపోరు.

అదేరోజు ఇంకో అమ్మాయి వచ్చింది. చిన్న ఊరి కాలేజీ, రెజ్యూమె ఒక్క పేజీ. ప్రాజెక్టు కింద 'గేమ్‌బాయ్ కోసం సీ భాషలో చిన్న గేమ్' అని రాసింది. "ఇందులో నిన్ను బాగా ఏడిపించిందేంటమ్మా?" అని అడిగాను. "పాట సర్. స్క్రీన్ మీద శత్రువులు ఎక్కువైతే పాట నెమ్మదించేది. మెయిన్ లూప్‌లో పెట్టడం వల్లేనని పది రోజులకు అర్థమైంది. టైమర్ ఇంటరప్ట్‌లోకి మార్చాక సరిపోయింది" అంది. ఇంటరప్ట్ గురించి మేం అడగబోయే ప్రశ్నకు అడక్కముందే జవాబొచ్చేసింది. ఆ అమ్మాయిని తీసుకున్నాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పేర్ల జాబితా పెంచుకోవడం కంటే ఒక చిన్న వస్తువును మొదటి నుంచి చివరిదాకా పూర్తిచేయడం మేలు. దానికి పాత గేమ్ కన్సోళ్లంత మంచి బడి ఇంకోటి లేదు.

ఐదు గొంతుల కచేరీ

మనవాళ్లు ఆడిన ఆ టీవీ గేమ్‌లు చాలావరకు 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. అసలు యంత్రానికి ఉన్న ర్యామ్ 2 కేబీ. శబ్దానికి ఐదు ఛానళ్లు. రెండు రాగానికి, ఒకటి బేస్‌కు, ఒకటి డప్పులాంటి శబ్దాలకు, మిగిలినది చిన్నచిన్న రికార్డింగ్ ముక్కలకు. మామూలుగా ఇలా పంచుకునేవారు.

1984లో కంపెనీలో చేరిన కోజీ కోండో మరుసటి ఏడాది సూపర్ మారియోకు సంగీతం ఇచ్చింది ఆ యంత్రం మీదే. మారియో గెంతినప్పుడు ఆ శబ్దానికి వేరే ఛానల్ లేదు. పాటలోని ఒక గొంతును క్షణంపాటు ఆపి, దానితోనే గెంతు శబ్దం పలికిస్తారు. చెవి పెట్టి వింటే దొరికిపోతుంది. మొత్తం గేమ్ 40 కేబీ. ఇవాళ మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికంటే చాలా పెద్దది. చోటు చాలక మేఘానికి, పొదకు ఒకటే బొమ్మ వాడి రంగు మాత్రం మార్చారు. ఆ గేమ్ ముఖ్య బాణీ 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డింగుల జాబితాకెక్కింది. వీడియోగేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మరమ్మతు పని నుంచి గేమ్‌బాయ్ దాకా

గున్‌పెయ్ యొకోయ్ కథ ఉద్యోగం వెతుకుతున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరితే ఆయనకిచ్చిన పని పేకముక్కలు తయారుచేసే యంత్రాల నిర్వహణ. తీరిక వేళ సరదాగా చేసుకున్న ఒక చాపుడు చెయ్యి బొమ్మ యజమాని కంట పడింది. 1966లో దాన్నే మార్కెట్లోకి తెస్తే విపరీతంగా అమ్ముడుపోయింది. అక్కడి నుంచి ఆయన దారే మారింది.

చౌకగా దొరికే, అందరికీ బాగా తెలిసిన టెక్నాలజీని కొత్తగా వాడాలన్నది ఆయన సూత్రం. 1989 నాటి గేమ్‌బాయ్‌కు రంగుల తెర లేదు. పోటీగా వచ్చిన సెగా గేమ్‌గేర్‌కు రంగుల తెర ఉంది, కానీ ఆరు బ్యాటరీలను కొన్ని గంటల్లోనే మింగేసేది. గెలిచింది గేమ్‌బాయే. 1995లో ఆయనే చేసిన వర్చువల్‌బాయ్ మాత్రం ఘోరంగా దెబ్బతింది. తర్వాత ఆ కంపెనీ వదిలి వండర్‌స్వాన్ అనే చేతి కన్సోల్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1997లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఒకే ఒక్క చిన్న బ్యాటరీతో నడిచే ఆ యంత్రం 1999లో జపాన్‌లో విడుదలైంది. మన దగ్గర దాని పేరు కూడా చాలామంది విని ఉండరు. ఫెయిలైన వస్తువు తర్వాత కూడా మనిషి ఇంకోటి తయారుచేయగలడని ఆ మరచిపోయిన కన్సోల్ సాక్ష్యం.

"ఇదంతా పాతకాలపు మోజు కాదా?"

న్యాయమైన ప్రశ్నే. ఫామికామ్ ప్రోగ్రామర్ కావాలని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. డేటా, వెబ్ ఉద్యోగాల వైపు వెళ్లేవాళ్లకు ఇది నేరుగా ఉపయోగపడకపోవచ్చు. వసతులు లేకపోవడమే అదృష్టమని కూడా నేను అనను. ల్యాప్‌టాప్ కొనలేక ఇబ్బంది పడే పిల్లలకు ఆ మాట చెప్పడం అన్యాయం. నేననేది ఒక్కటే. మంచి గ్రాఫిక్స్ కార్డు కొన్నాకే, ఇంకో కోర్సు అయ్యాకే మొదలుపెడదామని కూర్చుంటే ఫైనలియర్ అయిపోతుంది. మెమరీ, రిజిస్టర్లు, బిట్ ఆపరేషన్లు, ఇంటరప్టులు.. వాషింగ్ మెషీన్ బోర్డు నుంచి కారు బ్రేకుల దాకా ఇవాళ కూడా ఆధారం ఇవే.

మొదలుపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. కోడింగ్ రాకపోతే జీబీ స్టూడియో, సీ భాష వస్తే జీబీడీకే, సంగీతం మీద ఇష్టముంటే ఫామిట్రాకర్. మూడూ ఉచితమే. పాత ల్యాప్‌టాప్ మీద కూడా ఎమ్యులేటర్ నడుస్తుంది. కాకపోతే ఎవరో చేసిన గేమ్‌ను అనుమతి లేకుండా దించుకుని పేరు మార్చి మీదని చెప్పొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఒక్క స్క్రీన్, ఒక్క శత్రువు, ఎనిమిది సెకన్ల పాట చాలు. కానీ అది మీదై ఉండాలి, పూర్తయి ఉండాలి. ఎక్కడ ఇరుక్కున్నారో, ఎలా బయటపడ్డారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో మీ దగ్గర ఉండే అసలు సరుకు అదే.

ఈ రాత్రి మీ రెజ్యూమె తీసి స్కిల్స్ వరుసను ఒకసారి చూడండి. ఒక్కోదాని మీద పది నిమిషాలు మాట్లాడగలరా? మాట్లాడలేనివి కొట్టేయండి. మిగిలింది రెండే అయినా ఫర్వాలేదు. రెండు గేమ్‌ల క్యాసెట్‌లో రెండూ నిజంగా ఉంటే, ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు అదే కావాలి.