బ్యాటరీకి ఎనభై చాలు

కొత్త ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ లేకుండా కాలేజీకో ఆఫీసుకో తీసుకెళ్లి గంటల తరబడి పని చేసుకోవచ్చు. రెండు మూడేళ్లు గడిచేసరికి అదే ల్యాప్‌టాప్ ప్లగ్ తీసిన అరగంటకు ఆగిపోతుంది. ‘ఛార్జింగ్ నిలబడటం లేదు’, ‘బ్యాకప్ రావటం లేదు’ అన్నవి రిపేరు షాపుల్లో పొద్దస్తమానం వినిపించే మాటలు. తెర బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది, ప్రాసెసర్ ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేయగలదు. బ్యాటరీ ఒక్కటే అందరికంటే ముందు ముసలిదైపోతుంది. తప్పు కంపెనీదని తిట్టుకుంటాం, లేదా బ్యాటరీ అంటే ఇంతేనని సరిపెట్టుకుంటాం. నిజానికి అది ఎంత త్వరగా అరిగిపోతుందన్నది చాలావరకు మనం దాన్ని ఎంత నింపి, ఎంత వేడిలో ఉంచుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజుల తరబడి 100 శాతం దగ్గర నిలబెట్టి ఉంచడమే మనం దానికి చేస్తున్న పెద్ద హాని. మామూలు రోజుల్లో 80 దగ్గర ఆపితే బ్యాటరీ మరెంతో కాలం మన్నుతుంది. ఆ జాగ్రత్తను కూడా వాడేవారి ఓపికకు వదిలేయకూడదు. 80 దగ్గర ఆగే అమరికతోనే ల్యాప్‌టాప్‌ను అమ్మాలి.

మనకు తరచూ అందే సలహాలు దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటాయి. మొదటిరోజు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలంటారు. మొత్తం అయిపోయాకే మళ్లీ పెట్టాలంటారు. నూరు చూపించేదాకా తీయొద్దంటారు. ఈ మాటలు గాల్లోంచి పుట్టలేదు. నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో వీటికి కారణం ఉండేది. వాటిని ప్రతిసారీ ఒకే మేరకు వాడి మళ్లీ నింపుతూ పోతే, క్రమంగా ఆ మేరకే పనిచేయడానికి అలవాటుపడేవి. అందుకే అప్పుడప్పుడు మొత్తం ఖాళీ చేయమనేవారు. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ బ్యాటరీకి బాట వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఇవాళ మన ల్యాప్‌టాప్‌ల్లో ఉన్నది ఈ జాతి బ్యాటరీయే. పాత బ్యాటరీకి ఉన్న ఆ బలహీనత దీనికి లెక్కలోకి తీసుకోదగ్గంత లేదు. దీని బలహీనతలు వేరు. బ్యాటరీ మారి 30 ఏళ్లు దాటినా సలహాలు మాత్రం పాతవే మిగిలిపోయాయి.

ఆ బలహీనతలు అర్థం కావాలంటే లోపల జరిగేది కొంచెం తెలియాలి. లిథియం అయాన్ సెల్‌లో ఒకవైపు గ్రాఫైట్, మరోవైపు లోహపు ఆక్సైడు, మధ్యలో ద్రవం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడులోంచి బయలుదేరి గ్రాఫైట్‌లోకి చేరతాయి. ల్యాప్‌టాప్ నడుస్తుంటే తిరిగి వెనక్కి వస్తాయి. గ్రాఫైట్‌ను తాకే చోట ఆ ద్రవం కొద్దికొద్దిగా విరిగి సన్నని పొరగా పేరుకుంటుంది. మొదట్లో ఏర్పడే పొర మంచిదే, అది లేకపోతే సెల్ అసలు పనిచేయదు. కానీ ఏళ్ల మీద ఆ పొర మందమయ్యేకొద్దీ అటూ ఇటూ తిరగాల్సిన లిథియంలో కొంత అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్న లిథియం ఇక కరెంటు ఇవ్వదు. మనం బ్యాకప్ తగ్గిందనేది ప్రధానంగా దీన్నే. సెల్ నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ 4.2 దగ్గరో, అంతకు కాస్త పైనో ఉంటుంది. ఆ ఒత్తిడిలో రెండువైపులా ఇలాంటి అక్కర్లేని చర్యలు జోరందుకుంటాయి. వేడి తోడైతే మరింత వేగం పుంజుకుంటాయి. నిండు కుండ తొణకదని మన సామెత. ఈ కుండ మాత్రం నిండుగా ఉన్నంతసేపూ లోలోపల అరుగుతూనే ఉంటుంది, మనం ల్యాప్‌టాప్‌ను ముట్టుకోకపోయినా సరే.

దీనికి లెక్కలున్నాయి. బ్యాటరీల పరీక్షా యంత్రాలు తయారుచేసే కెనడా సంస్థ క్యాడెక్స్ నడిపే ‘బ్యాటరీ యూనివర్సిటీ’ ప్రచురించిన పట్టిక ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 40 శాతం ఛార్జింగ్‌తో 25 డిగ్రీల వేడిలో ఏడాది పాటు ఊరికే ఉంచిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుందని అది చెబుతుంది. అదే వేడిలో నూటికి నూరు నింపి ఉంచితే మిగిలేది 80 శాతం. వేడి 40 డిగ్రీలకు చేరితే 40 శాతం నింపిన బ్యాటరీకి 85, నిండుగా ఉన్నదానికి 65 మిగులుతాయి. ఈ అంకెలు సెల్ తయారీని బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు, అవి చూపించే దారి మాత్రం మారదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనుకునే ప్రాంతం మనది. రామగుండంలోనో, విజయవాడలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. చల్లటి దేశాల వాళ్లకు ఇది ఒక మంచి సలహా మాత్రమే. మనకు అంతకంటే చాలా ఎక్కువ అవసరం.

మన ఇళ్లలో సాధారణంగా కనిపించే దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. గోడవారగా బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, ఉదయం తొమ్మిదికి పెట్టిన ఛార్జర్ రాత్రి పదకొండుకు కూడా అలాగే ఉంటుంది. వీడియో కాల్ నడుస్తుంటే ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఆ పక్కనే పల్చటి పలకలా పరిచిన బ్యాటరీకి ఆ వేడి తగులుతుంది. అదే మంచం మీదికి మారిందంటే అడుగున గాలి పీల్చే రంధ్రాలను పరుపు మూసేస్తుంది. తెర కింద మూలన ‘100%’ అంకె రోజంతా కదలదు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిండగానే ఛార్జింగ్ దానంతటదే ఆగిపోతుంది కదా, ఇక నష్టమెక్కడ అని. ఆగిపోయే మాట నిజం. లోపలి సర్క్యూట్ బ్యాటరీని హద్దు మీరి నింపనివ్వదు, అందుకే రాత్రంతా ప్లగ్‌లో వదిలేసినా మామూలుగా ప్రమాదమేమీ జరగదు. ఆ సర్క్యూట్ కాపాడేది ప్రమాదం నుంచే. బ్యాటరీని ఆ హద్దు అంచునే నిలబెట్టి ఉంచడం వల్ల కలిగే అరుగుదలను అది ఆపలేదు. ప్లగ్‌లో ఉండటం తప్పు కాదని కూడా ఇందులోనే తేలుతుంది. 80 దగ్గర ఆగే ఏర్పాటు ఉంటే ఛార్జర్‌ను రోజంతా ఉంచేసుకోవచ్చు.

సైకిళ్ల లెక్క సంగతేమిటని తెలిసినవాళ్లు అడుగుతారు. ఇవాళ 50 శాతం, రేపు 50 శాతం వాడితే కలిపి ఒక సైకిల్. తమ మ్యాక్‌బుక్ బ్యాటరీలు 1,000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారుచేస్తున్నామని ఆపిల్ చెబుతుంది. అడుగంటా వాడకుండా మధ్యమధ్యలో నింపితే మేలన్నది నిజమే. బ్యాటరీ యూనివర్సిటీ అంచనా ప్రకారం ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేసి నింపే సెల్ సుమారు 300 సార్లకు, 40 శాతం చొప్పున వాడి నింపేది సుమారు 1,000 సార్లకు 70 శాతానికి దిగుతాయి. అయితే ఆ వెయ్యిని చూసి పొంగిపోకూడదు. 40 శాతం చొప్పున వెయ్యిసార్లంటే 400 పూర్తి సైకిళ్లతో సమానం. అంటే లాభం మూడో వంతు. అదే సంస్థ లెక్కలో సెల్‌ను 4.2 వోల్టుల దాకా నింపితే 300 నుంచి 500 సైకిళ్లు, 4.1 దగ్గరే ఆపితే 600 నుంచి 1,000 సైకిళ్లు వస్తాయి. పై అంచును కాస్త దించితే ఆయుష్షు రెట్టింపు అవుతోందన్నమాట. ఎన్నిసార్లు పెట్టామన్న దిగులు కంటే ఎంతవరకు నింపామన్నదే ముఖ్యమని ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

డబ్బు పెట్టి కొన్న బ్యాటరీలో 20 శాతాన్ని మొదటిరోజు నుంచే వదులుకోవాలా అన్నది బలమైన ప్రశ్న. అయిదు గంటలు వచ్చేది నాలుగు గంటలే వస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. కానీ బల్ల మీద, ప్లగ్ పక్కనే నడిచే ల్యాప్‌టాప్‌కు ఆ అయిదో గంట ఎప్పుడు పనికొస్తోంది? వాడని గంట కోసం బ్యాటరీని అరగదీసుకుంటున్నాం. ప్రయాణం ఉన్న రోజు, పరీక్ష ఉన్న రోజు, బయట మీటింగ్ ఉన్న రోజు నిశ్చింతగా 100 దాకా నింపుకోవచ్చు. నింపిన కాసేపటికే వాడేస్తాం కాబట్టి నష్టం బహు స్వల్పం. పక్కన పెట్టిన ఆ 20 శాతం ఎక్కడికీ పోదు, అడిగిన రోజున అందుతుంది. అదే ఎప్పుడూ నిండుగా ఉంచి పోగొట్టుకున్న 20 శాతం మాత్రం ఏం చేసినా తిరిగి రాదు.

కరెంటు కోతలున్న ఊళ్ల నుంచి మరో అభ్యంతరం వస్తుంది. ఎప్పుడు పోతుందో తెలియని కరెంటును నమ్ముకుని 80 దగ్గర ఎలా ఆపాలని. ఇది తోసిపుచ్చాల్సిన మాట కాదు. ఈదురుగాలుల రోజుల్లో, కోతల వేళల్లో పూర్తిగా నింపి ఉంచుకోవడమే తెలివి. అయితే కరెంటు మీద భరోసా లేని ఇంట్లోనే బ్యాటరీ అందరికంటే ఎక్కువ కాలం మన్నాలి. నగరంలో ఉన్నవాడి బ్యాటరీ చచ్చిపోతే ప్లగ్ పెట్టుకుని నెట్టుకొస్తాడు. పల్లెలో ఇంజనీరింగ్ చదివే పిల్లకు బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోతుంది. కోత లేని రోజుల్లో పొదుపు చేస్తేనే కోత రోజుకు నమ్మకమైన బ్యాటరీ మిగులుతుంది.

పోతే పోయింది, కొత్తది వేయించుకుంటే సరిపోతుంది అనేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు బ్యాటరీ వెనకవైపు రెండు క్లిప్పులు జరిపితే చేతికొచ్చేది. ఇప్పుడు చాలా మోడళ్లలో లోపల మరలతో బిగించి, కొన్నింటిలో అంటించి ఉంటుంది. నాలుగైదేళ్ల పాత మోడల్‌కు అసలు బ్యాటరీ దొరకడం కష్టం. దొరికే డూప్లికేట్ మీద భరోసా ఉండదు. చివరికి బ్యాటరీ కోసం మొత్తం ల్యాప్‌టాప్‌నే మార్చేస్తున్నారు. వాడేవారే సులువుగా మార్చుకోగలిగేలా బ్యాటరీలుండాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి నుంచి అది అక్కడ వర్తిస్తుంది. మన దేశంలోనూ 2022లో వచ్చిన నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఇవి కావలసినవే. కానీ పాడైన తర్వాత సరిగ్గా పారేయడం కంటే పాడవకుండా రెండేళ్లు ఎక్కువ వాడుకోవడం అందరికీ మేలు. ఆ సెల్‌లోని లిథియం, కోబాల్ట్, నికెల్ ఎక్కడో నేలను తవ్వి తెచ్చినవి.

రోజూ అంకె చూసుకుంటూ ప్లగ్ పెట్టి తీసే ఓపిక ఎవరికుంటుందన్నది చివరి అభ్యంతరం. అది నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మనిషి పని చేసుకోవడానికి ల్యాప్‌టాప్ కొంటాడు, బ్యాటరీకి కాపలా కాయడానికి కాదు. అందుకే బాధ్యత తయారీదారులది అంటున్నాను. మార్గం వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. లెనోవోలో దాని పేరు కన్జర్వేషన్ మోడ్. ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్. డెల్‌లో ఎక్కువగా ప్లగ్‌లోనే వాడేవారి కోసం వేరే సెట్టింగ్ ఉంది. హెచ్‌పీలో చాలా మోడళ్లకు బయోస్ లోపలికి వెళ్లి వెతకాలి. ఒకే మేలుకు ఇన్ని పేర్లు, ఇన్ని చోట్లు. దొరికినవాళ్లకు దొరుకుతుంది, మిగతావాళ్లకు అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఈ క్రమం తిరగబడాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడే హద్దు 80 దగ్గర ఉండాలి, నూరు కావలసినవారు ఒక్క నొక్కుతో మార్చుకునేలా ఉండాలి. దుకాణంలో ‘ఎన్ని గంటల బ్యాకప్’ అన్న పోటీలో అంకె చిన్నగా కనిపిస్తుందని కంపెనీలు భయపడవచ్చు. పెట్టె మీద రెండు అంకెలూ వేస్తే ఆ భయం తీరుతుంది. వందల ల్యాప్‌టాప్‌లు ఒకేసారి కొనే ఐటీ కంపెనీలు, కాలేజీలు, ప్రభుత్వ శాఖలు ఇంకొకరి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఉద్యోగి చేతికిచ్చే ముందే తమ సాంకేతిక విభాగంతో ఈ హద్దు పెట్టించవచ్చు.

ఆలోగా మన చేతుల్లో ఉన్నది మనం చేద్దాం. మీ ల్యాప్‌టాప్ కంపెనీ యాప్ తెరిచి బ్యాటరీ విభాగంలో 80 హద్దు పెట్టండి. ఆ సౌకర్యం లేకపోతే 80 దాటాక వీలైనప్పుడల్లా ప్లగ్ తీయండి, 20కి దిగకముందే మళ్లీ పెట్టండి. సెలవులకు వారాల పాటు పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జింగ్‌తో, పూర్తిగా ఆఫ్ చేసి, చల్లని చోట ఉంచండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి, పరుపు మీద వాడకండి. విండోస్ బ్యాటరీ రిపోర్టులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆరు నెలలకోసారి ఆ రెండూ చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఛార్జింగ్ ఆపండి, నొక్కకుండా పొడవకుండా సర్వీస్ సెంటర్‌కు చేర్చండి. వీటిలో అన్నిటికంటే ముఖ్యమైనది మొదటిదే. దానికి రెండు నిమిషాలు చాలు, ఖర్చేమీ లేదు. ఈ రోజే ఆ పని చేయండి.