తాళంచెవి కూడా సేవే



ఎప్పుడూ కంది గురించో మినుము రేటు గురించో రాసే నేను ఇవాళ సంఘం గురించి రాస్తున్నా. మొన్న మా సంఘంలో కొత్త కమిటీని ఎన్నుకున్నారు. కార్యదర్శి, కోశాధికారి పదవులకి బాగానే పోటీ పడ్డారు. గుడి ఊడ్చి చాపలు పరిచేది ఎవరు అని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి ఎప్పుడూ చేసే ముసలావిడ మీదే పడింది. ఆమెను ఒక్క మాట అడగను కూడా లేదు. అప్పట్నించీ మనసు బాగోలేదు.

ముందు నా తప్పు చెప్తా. ఎనిమిదేళ్ళ కింద నాకూ సంఘపెద్ద కావాలని గట్టిగా ఉండేది. ఇంటర్ దాకా చదివా, వాక్యం బాగా చదువుతా, నాకెందుకివ్వరు అనుకున్నా. ఇవ్వలేదు. గుడి తాళంచెవి ఇచ్చారు. ఆదివారం అందరికంటే ముందు పోయి తలుపు తియ్యాలి, మైకు పెట్టాలి, గంట కొట్టాలి. అలిగి రెండు నెలలు సరిగ్గా చెయ్యలేదు. ఒక ఆదివారం ఆలస్యంగా పోతే, ఆ ముసలావిడ వాకిలంతా ఊడ్చేసి ఎండలో గడప దగ్గర కూర్చుని ఉంది. "వచ్చావా అయ్యా, తియ్యి, జనం వచ్చే వేళయింది" అంది. అంతే. ఇంకో మాట అనలేదు. ఆ రోజు సిగ్గుతో నాకు ప్రార్థన కూడా రాలేదు.

బైబిల్లో చూడండి. నయమాను అంత పెద్ద సేనాధిపతి. ఆయన కుష్ఠు బాగవడానికి దారి చూపింది ఎవరు? చెరపట్టి తెచ్చిన చిన్న పనిపిల్ల. ఆమె పేరు కూడా రాయలేదు. ఐదు రొట్టెలు, రెండు చేపలు ఇచ్చిన పిల్లోడి పేరూ లేదు. పేరు లేకపోయినా పని మాత్రం నిలిచింది.

అంత దూరం ఎందుకు, మన ఒంగోలు సంగతే తీసుకోండి. 1854 జనవరి 1న తెల్లారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసింది ఐదుగురే. నెల్లూరు నుంచి వచ్చిన జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. క్లౌ దొర వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు! ఆ తర్వాత మాదిగ పల్లెల్లో సువార్త పాకడానికి మొదట కారణమైంది తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపిస్తే, బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర పేరు అందరికీ తెలుసు. కాని ఆ లెక్క మనదాకా వచ్చిందంటే, ఎవరో ఓపిగ్గా పేర్లు రాసుకున్నారనే కదా! ఆ రాసినోళ్ళ గురించి మనం ఎప్పుడైనా అనుకున్నామా?

దేవుణ్ణి నమ్మడం అంటే నాకు అర్థమైంది ఇదీ. కంది విత్తినాక వాన మన చేతిలో లేదు. అట్లని గట్టు మీద కూర్చుంటామా? కలుపు తీస్తాం, పురుగు చూసుకుంటాం. ఫలితం కనపడకపోయినా ఈ రోజు పని ఈ రోజు చెయ్యడమే విశ్వాసం. పదవి వస్తేనే సేవ చేస్తాననేవాడు, వాన పడ్డాకే విత్తనం కొంటాననే రైతులాంటోడు. అప్పటికి అదను పోతుంది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. "చిన్న పనైనా దేవుడు చూస్తాడమ్మా" అని చెప్పి, చాకిరీ అంతా పేదోళ్ళ మీద, ఆడోళ్ళ మీద వేసి పెద్దలు కుర్చీల్లో కూర్చుంటే అది వాక్యం కాదు, మోసం. యేసుప్రభువు శిష్యుల కాళ్ళు కడగమని ఇంకొకరికి పురమాయించలేదు. తానే తువ్వాలు కట్టుకున్నాడు. పనిలో చిన్నతనం లేదని నిజంగా నమ్మితే ముందు పెద్దలే చీపురు పట్టాలి.

అందుకే కమిటీవాళ్ళకి చెప్పా. ఊడ్చే పనికి వంతులు పెట్టండి, కార్యదర్శి ఇంటి నుంచే మొదలుపెట్టండి అని. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి. వచ్చే ఆదివారం మొదటి వంతు నేను రాయించుకున్నా. ఆ ముసలావిడను ఆ రోజు లోపల ముందు వరుసలో కూర్చోమన్నా. "నాకేం తోస్తుందయ్యా అట్టా కూర్చుంటే" అని నవ్వింది.

ఈ ఆదివారం మీ గుడికి పోయినప్పుడు, మీకంటే ముందొచ్చి తలుపు తీసింది ఎవరో చూడండి. వాళ్ళకి ఒక వందనం చెప్పండి. వీలైతే చేతిలో చీపురు తీసుకోండి.

తప్పుగా రాసుంటే పెద్దలు క్షమించాలి.