అమ్మను కుర్చీకి కట్టెయ్యకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసులకు,

"నువ్ కూసో అమ్మా, నేన్ జేస్త." అరవై దాటినవాళ్లు మన ఇళ్లలో రోజూ వినే మాట ఇది. ప్రేమతోనే అంటాం. చేతిలోని చీపురు, బిందె, కూరగాయల సంచి ఒక్కొక్కటే తీసేసుకుంటాం. కొన్నాళ్లకు ఆమె లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, ముందుకు ఊగి, మళ్లీ కూలబడి, రెండోసారికి లేస్తుంది. మోకాళ్ల నొప్పులనుకుంటాం. చాలామందిలో నొప్పితోపాటు తొడల్లోని కండ కూడా తరిగిపోయి ఉంటుంది.

ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది. అరవై తర్వాత ఇంకా వేగంగా. బలం కండకన్నా వేగంగా పోతుంది. చటుక్కున పనిచేసే కండపోగులు ఎక్కువగా సన్నబడతాయి కాబట్టి, గడప తట్టుకుంటే నిలదొక్కుకోలేక పడిపోతారు. తుంటి విరిగి మంచం పడితే ఉన్నది కూడా కరుగుతుంది. పది రోజులు పడుకోబెడితే చాలు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయిందని 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు.

అయితే ఈ బలం తిరిగొస్తుంది. బోస్టన్‌లో తొంభై ఏళ్లవాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే, వాళ్ల కాళ్ల బలం సగటున రెట్టింపు దాటింది. 1990 నాటి మాట ఇది. ఇన్నేళ్లయినా మన గడపల్లోకి రాలేదు, అదే నా బాధ.

భద్రకాళి చెరువు కట్ట మీద, పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున్నే నడిచే పెద్దలారా, ఒక్క నడకతో తొడలకు సత్తువ రాదు. నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని, చేతులు ఛాతీకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. దానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ల సత్తువ తగ్గినట్టేనని ఆసియా నిపుణుల లెక్క. అప్పుడు రోజూ చెయ్యండి. గుండె జబ్బు, కీళ్ల ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.

పిల్లలారా, పళ్లు లేవని చారన్నంతో సరిపెట్టుకునే అవ్వకు గుడ్డు, మెత్తటి పప్పు, పెరుగు పెట్టండి. కిడ్నీ జబ్బుంటే ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మకు ఆమెను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తియ్యకండి. వలయంలోకి చెయ్యి పట్టి తీసుకెళ్లండి, వంగినంత వంగనివ్వండి.

అపార్ట్‌మెంట్ కమిటీలకు ఒక్క మనవి: రంగులకు ముందు మెట్లకు రెండువైపులా పట్టుకునే కమ్మీలు వేయించండి.