ట్రాకు సంగతి తర్వాత, ముందు బ్రేకు పట్టేది నేర్సుకోవాల

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో బండి పిచ్చి ఉండే పిల్లోళ్లకు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాకు మీద ఆశ. దుడ్డు కట్టి ఒకరోజు తోలితే చెయ్యి తిరుగుతుందంటారు. నిజమే. కానీ ట్రాకులో అందురూ ఒకపక్కకే పోతారు. ఎదురు లారీ రాదు, అడ్డం ఆవు రాదు. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లో రెండూ వస్తాయి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సచ్చిపోయినోళ్లు 1,68,491 మంది. నూటికి 44 మందికి పైగా టూవీలర్లోళ్లే. లైసెన్సుకు ఎనిమిది ఏసి చూపిస్తే సాలు. ముందు బ్రేకు ఎంత పట్టాల, మలుపులో చూపు యాడ పెట్టాల అనేది రైడింగ్ స్కూల్లో నేర్పుతారు. మన పక్క డ్రైవింగ్ స్కూలంటే కారు నేర్పేదే.

ఆర్టీవో ఆఫీసుకొక మైదానం, ఒక మాస్టరు. సర్కారు ముందు ఇయ్యాల్సింది ఇదే.