ఏనుగు మల్లమ్మ కొండకు కాలినడక

మదనపల్లె ప్రాంతపు సోదరీమణులకు హార్సిలీ కొండలను గూర్చి క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. పట్టణమునకు ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఆ కొండపైకి కనుమదారి కలదు. బస్సులును కార్లును పోవుచున్నవి. ఉదయమున బయలుదేరి, పైన ఫొటోలు తీయించుకొని, తెచ్చుకొన్న పులిహోర తిని, చీకటి పడకముందే ఇల్లు చేరువారు అనేకులు. కాని కొండను చూచివచ్చిన ఆ స్త్రీలలో దానిపై నడచినవా రెందఱు? ఈ నెల మా పాఠకురాండ్రతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

ముందు కొండ పేరును గూర్చి రెండు మాటలు. మదనపల్లె సీమ కడప జిల్లాలో నుండిన కాలమున ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యూ. డి. హార్సిలీ యను ఆంగ్లేయుడు వేసవి విడిదికై ఇచ్చట బంగళా కట్టించుకొనెను. నాటినుండి కొండకు ఆయన పేరు స్థిరపడెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి మదనపల్లె అందులో చేరినను, కొండపేరు మాఱలేదు. అయితే అంతకు పూర్వమే ఈ కొండకు వేఱొక పేరు కలదు. అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను పుణ్యురాలు ఇచ్చట నివసించెననియు, ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి పెట్టెడివనియు, ఆమె కొండవాసుల రోగములు మాన్పుచు తుద కొకనాడు కానరాకుండ పోయెననియు స్థలకథ. ఆమె పేర గుడియు కలదు. కొన్ని వేసవులు గడపిన దొర పేరు పటములలో నిలిచినది. కొండనే యిల్లు చేసికొనిన యొక స్త్రీ పేరు ఊరివారి నోట నిలిచినది. నడచి పోవువారు రెండవ పేరును గూడ వెంట తీసికొని పోవలెనని మా కోరిక.

కొండయెత్తు సముద్రమట్టమునకు సుమారు 4,100 అడుగులు. మదనపల్లె పట్టణమే 2,200 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. కావున పట్టణమునకంటె కొండకొన సుమారు 1,800 అడుగులు పైన నున్నదన్నమాట. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగినచో గాలి వేడి సాధారణముగ ఆఱు డిగ్రీలకు పైగా తగ్గును. ఆ లెక్కన పట్టణములోకంటె కొండపై మూడు నాలుగు డిగ్రీల చల్లదన ముండును. కొండపై నీలగిరిచెట్ల సువాసన యొకటి. కల్యాణి యను పేరుగల మహావృక్షము వానిలో ప్రసిద్ధము. దానిని 1859లో నాటిరని చెప్పుదురు. గాలిబండ యను చోట గాలి ఎల్లప్పుడును బలముగ వీచును. అచ్చట నిలిచి క్రిందికి చూచిన, చెఱువులు అద్దపుముక్కలవలెను, మన యూళ్లు పిల్లలు పేర్చిన బొమ్మరిండ్లవలెను కనబడును. ఈ రాతికొండలలో పసుపుపచ్చని కంఠముగల పికిలిపిట్ట యొకటి కలదు. దక్షిణదేశపు బండల కొండలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను ఈ జాతి లేదు. కారు అద్దములోనుండి చూచువారికి ఆ పిట్ట కానరాదు. మెల్లగ నడచుచు, మాట తగ్గించి, చెవి యొగ్గినవారికే దాని దర్శనము.

ఇక అసలు సంగతి. "కొండలెక్కుట మగవారి పని, మనకేల?" అని కొందఱు సోదరీమణు లందురు. ఈ మాట నిజమా? కట్టెలకును, గడ్డికిని, చింతపండునకును తరతరములుగ కొండదారులు త్రొక్కినవారిలో స్త్రీలు తక్కువవారా? తలపై మోపుతో వారు దిగిన బాటలకంటె విహారమునకై పోవువారి బాటలు కష్టమైనవి కావు. తిరుమలకు అలిపిరి మెట్లు 3,550. మన తల్లులును అత్తలును మ్రొక్కు చెల్లించుటకై ఆ మెట్లన్నియు ఎక్కినారు. ఏ యింటిలోను వారి నెవరును అడ్డగింపలేదు. కావున స్త్రీ నడక తప్పు కాదు. కట్టెలకు నడచిన పని యందురు, నీళ్లకు నడచిన ధర్మ మందురు, దేవునికై నడచిన పుణ్య మందురు. తన యొడలి బాగునకై, తన మనస్సు తెఱపికై నడచినపుడు మాత్రము "పనిలేని తిరుగుడు" అందురు. తప్పు కాళ్లలో లేదు. ఆ మాటలో నున్నది.

ఈ కొండల లోయలోనే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాల కలదు. 1926లో మొదలైన ఆ పాఠశాలలో బాలురతోపాటు బాలికలును చదువుచున్నారు, చుట్టుపట్ల కొండలును ఎక్కుచున్నారు. బాలికకు మేలైనది ఆమె గృహిణి యైన మఱునాడు కీడు కాజాలదు గదా!

అయినను ఉత్సాహ మొకటియే చాలదు. మొదటిసారి పోవువారికి మేము చెప్పునది యిది. నెలదినములు ముందుగ ఇంటిచుట్టుననో చెఱువుకట్టమీదనో దినమునకు అరగంట నడచి అలవాటు చేసికొనుడు. ఎక్కునపుడు ప్రక్కవారితో మాటాడగలిగినంత నిదానముగ నడువవలెను. మాట తెగి ఆయాసము వచ్చినచో నిలుచుట మేలు. దిగునపుడు మోకాళ్లపై భారము హెచ్చు. చిన్న యడుగులు వేయుచు చేతికఱ్ఱ నూతగొనవలెను. చెప్పులకంటె గుడ్డబూట్లు మంచివి. చీర కట్టువారు కుచ్చెళ్లు చీలమండకు పైన నుండునట్లు కట్టి, కొంగు నడుమున దోపుకొనవలెను. గాలిబండ కడ ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము. అచ్చట పిల్లల చేయి విడువరాదు. పూటనడకకు మనిషికి రెండు లీటర్ల నీరు, బొరుగులు, వేయించిన వేరుసెనగలు, బెల్లపు ముక్క, ఉప్పు వేసిన మజ్జిగ చాలును. వానలు వెలిసిన తరువాత, కార్తికము మొదలు మాఘమువఱకు, నడకకు తగిన కాలము. గుండెజబ్బుగలవారును గర్భవతులును వైద్యుని అడుగక ఎక్కరాదు.

ఒంటరిగ పోవలదు. అటవీశాఖవారిని అడిగి, వారు సమ్మతించిన బాటనే పోవలెను. బండసందులలో చేయి పెట్టరాదు, పాము లుండును. కోతులకు తిండి పెట్టరాదు. ఎండుగడ్డి కాలమున ఒక్క నిప్పురవ్వ కొండనంతయు కాల్చును. తెచ్చిన కాగితమును సీసాను తిరిగి తీసికొని రావలెను.

కుప్పము, పలమనేరు వైపు సోదరీమణులకు వేఱొక హెచ్చరిక. మల్లమ్మకథలోని ఏనుగులు కథలోనివే యని తలపరాదు. ఇంచుమించు రెండు వందల యేండ్లు ఈ సీమలో కానరాని ఏనుగులు 1980 తరువాతి యేండ్లలో కన్నడ తమిళ దేశముల అడవులనుండి మఱల వచ్చినవి. వానికొఱకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఆ యేటి లోయలు, ఆ కొండలు ఎంత సుందరములైనను, అవి ఏనుగుల త్రోవలు. అచ్చట స్వేచ్ఛగ తిరుగరాదు. అటవీశాఖవారు చూపినంతవఱకే చూచి మరలవలెను.

"ఆనాడు ఇంటిలో వంట యెవరు చేయుదురు?" అను ప్రశ్న మిగిలినది. దీనికి రెండు సమాధానములు. ఇంటిల్లిపాదియు నడకకు వచ్చినచో వంటయే యక్కఱలేదు, బొరుగుల మూటయే భోజనము. రానిచో, నెలకొక పూట అన్నము వార్చి చారు కాచుట పురుషులకు అసాధ్యమైన విద్య కాదు. కోడలు పోయినపుడు అత్తయు, అత్త పోయినపుడు కోడలును ఇల్లు చూచుకొందురేని, ఇరువురకును ఒకరి శ్రమ యొకరికి తెలియును. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు జట్టుగ కూడినచో ఖర్చును తగ్గును, ధైర్యమును హెచ్చును.

కొండ యెక్కినంత మాత్రమున ఇంటి కష్టములు తీరునని మేము చెప్పబోము. కాని దినమంతయు నాలుగు గోడల నడుమ చూపు ఆగిపోవు కంటికి, మైళ్లకొలది దూరము తెఱచి చూపించు చోటు అవసరము. ఏ మ్రొక్కును లేక, ఏ మోపును లేక, వట్టి చేతులతో ఒక్కసారి యెక్కి చూడుడు. అట్లు నడచుటకు ఎవరికిని కారణము చెప్పుకొనవలసిన పని లేదు.